అన్న బిడ్డ

సుల్తాన్‌పూర్,
16 జూన్ 2024

వదినా,

ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉండి, చేతిలో ఫోన్ పెట్టుకుని, ఈ కాగితం ఏమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్ చేస్తే అమ్మ దాన్ని స్పీకర్‌లో పెట్టి మంచం మీద పడేస్తుంది. నాయిన, అన్న, పక్కింటివాళ్లు, అందరూ వింటారు. ఇక్కడ గదిలో ఆరుగురం. నేను గొంతు తగ్గిస్తే మిగతా అయిదుగురూ ఇంకా శ్రద్ధగా వింటారు. మన ఊరి నర్సింగ్ పాల వ్యాన్ రోజూ పొద్దున మా హాస్టల్ క్యాంటీన్‌కి వస్తుంది. అతని చేతికిస్తే ఉత్తరం నీకే అందుతుంది. అతనికి చదువు రాదు, అదొక నిశ్చింత.

నీకొక్కదానికే చెప్పాల్సిన సంగతి ఉంది. ఉద్యోగంలో చేరిన రోజు మమ్మల్ని వరసలో నిలబెట్టి కాంట్రాక్టరు మనిషి ప్రవీణ్‌కుమార్ కాగితాలు నింపాడు. "పెండ్లయిందా, పిల్లలున్నరా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే, "పిల్లలున్నోళ్లని లైన్ల తీస్కోరు, సెలవులు పెడ్తరని. ఉంటే గిప్పుడే చెప్పి ఇంటికి పో" అన్నాడు. నా వెనక పదిమంది నిలబడి ఉన్నారు. నిహారిక నాన్న ఇస్నాపూర్‌లో ఇంకో సంసారం పెట్టుకుని ఏడాది దాటింది. కాబట్టి పెళ్లి కాలేదని చెప్పడం పెద్ద కష్టం అనిపించలేదు. కాని పిల్లలు కూడా లేరన్నాను. ఆ పొద్దునే నిహారికకి పాలు తాగించి, మూతి తుడిచి, బస్సెక్కి వచ్చాను. లేరని ఎలా అన్నానో నాకు తెలియదు.

పుస్తెలతాడు, మెట్టెలు తీసి బ్యాగులో వేసుకున్నాను. ఇక్కడ అది ఎవరికీ వింత కాదు. మేం పనిచేసే గదిలోకి దుమ్ము రాకూడదు, నగ రాకూడదు, బొట్టు కూడా రాకూడదు. పెళ్లైనవాళ్లూ అన్నీ లాకర్లో పెట్టే వస్తారు. తెల్ల సూటు, టోపీ, మాస్కు తొడుక్కున్నాక ఎవరివైనా కళ్లు మాత్రమే కనబడతాయి. ఆ కళ్లతో గుండెలోకి పంపే సన్నని గొట్టాలను దీపం కింద చూసి, మరకో వెంట్రుకో ఉన్నవి పక్కన పెట్టాలి. అదే నా పని.

నిహారిక ఫొటోలు నీ స్టేటస్‌లో పెట్టకు. నేను ఫోన్ చేసినప్పుడు దాన్ని దగ్గరికి రానివ్వకు, అమ్మా అని పిలిస్తే ఇక్కడ వినబడుతుంది. ఇది రాయడానికి చాలా సిగ్గుగా ఉంది వదినా. ఏడాది ట్రైనింగ్ అయితే పర్మనెంట్ చేస్తారట, అప్పుడు చెప్పేస్తాను. హాస్టల్లోనే ఉండాలన్న షరతు కూడా ఆ ఏడాదికే. అప్పటిదాకా అది ఏం తింటోందో, ఏం మాట్లాడుతోందో రాస్తూ ఉండు. రెండు వారాలకోసారి వచ్చి చూస్తే, ప్రతిసారీ కొత్త పిల్లలా ఉంటోంది.

రమ్యశ్రీ

*

గుమ్మడిదల,
7 జులై 2024

రమ్యా,

మా నాన్నగారు ఇక్కడి ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ ఏలూరులో ఉన్న వాళ్లమ్మకి ప్రతి ఆదివారం ఉత్తరం రాసేవారు. ఆ అలవాటు నాకు వచ్చిందని ఇన్నాళ్లకి తెలిసింది. నీ సంగతి నా దగ్గర భద్రం. నిన్ను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు, ఆ వరసలో నేనున్నా ఏమనేదాన్నో.

ఇక మీ అమ్మాయి గారి సంగతులు. ఆవిడకి రెండేళ్లు నిండి నెలైంది, ఇంటి పెత్తనం అప్పుడే తీసుకుంది. గడప బయట చెప్పులన్నీ ఎవరివి ఎక్కడ ఉండాలో ఆవిడే నిర్ణయిస్తుంది. మీ నాయనవి తలుపు పక్కన, అత్తయ్య గారివి వాటి పక్కన, నీవి నువ్వు లేనప్పుడు కూడా అమ్మమ్మ చెప్పుల పక్కన. చుట్టాలవి మాత్రం అవతల జామచెట్టు కింద. మొన్న మీ అన్నయ్య పొరపాటున మావయ్య గారి చెప్పులు వేసుకుంటే కాలికి అడ్డంపడి, "అది నీది కాదు. తాతది. విప్పు" అంది. మీ అన్నయ్య విప్పారు. డ్యూటీ బస్సు హారన్ కొడుతోంది, అయినా విప్పారు.

సాయంత్రం గాలి ఇటు తిరిగి మందుల కంపెనీల కంపు వచ్చిందంటే చాలు, నడుం మీద చేతులు పెట్టుకుని, "వచ్చింది. తలుపెయ్యండి" అని అందరికీ చెప్పి, తనే ఒక్కొక్క కిటికీ కింద నిలబడి ఎవరో వచ్చి మూసేదాకా కదలదు. ముద్దు పెట్టుకోవాలంటే అడగాలి. అడక్కుండా పెడితే తుడిచేసుకుని, "అడగలేదు" అంటుంది. కోపం వస్తే ఏడవదు. వెళ్లి గోడకేసి మొహం పెట్టి నిలబడుతుంది. మనం వెళ్లి బతిమాలితే, కాసేపు ఆలోచించి వస్తుంది.

ఒక నేరం మాత్రం నాది. అది నా మాట నేర్చుకుంటోంది. "నేను వచ్చాను" అంటే అత్తయ్య గారు, "వచ్చాను కాదు బిడ్డా, వచ్చిన అనాలె. మీ అత్త తీరు మాట్లాడకు" అంటారు. అది ఆవిడ వైపు నిదానంగా చూసి, "వచ్చాను" అంటుంది.

ఇంద్రజ

*

సుల్తాన్‌పూర్,
18 ఆగస్టు 2024

వదినా,

నీ ఉత్తరాలు ఇప్పుడు మూడయ్యాయి. ఒకటి చిరుగుతోంది, అన్నిసార్లు చదివాను. చెప్పుల సంగతి చదివి క్యాంటీన్‌లో నవ్వు ఆపుకోలేకపోయాను. ఎదురుగా మా గది అమ్మాయిలందరూ ఉన్నారు. ఏందే, ఏందే అని పట్టుకున్నారు. ఏం చెప్పాలి? "మా అన్న బిడ్డ" అన్నాను.

ముందు ఒక్కసారి అందామనుకున్నాను. కాని దాని గురించి మాట్లాడటం మొదలుపెడితే ఆపలేకపోయాను వదినా. రెండు నెలలుగా నోరు కట్టేసుకుని ఉన్నాను కదా. కిటికీల సంగతి, ముద్దుల సంగతి, "అడగలేదు" అనడం, అన్నీ చెప్పాను. ఇప్పుడు నిహారిక మా గదిలో పెద్ద మనిషి. రోజూ డ్యూటీ నుంచి రాగానే, "మీ అన్న బిడ్డ ఏం చేసిందట?" అని అడుగుతారు. ఒకమ్మాయి అయితే, "నీకు పెండ్లయి బిడ్డ పుడితే గిట్లనే ముద్దు చేస్తవ" అంది. చేస్తానన్నాను.

అబద్ధం చెప్పాక నోరు మూసుకుని ఉండాలి. నేను దాని గురించి మాట్లాడుకోవడానికి దాన్నే నీకూ అన్నకూ ఇచ్చేశాను. నువ్వేమనుకుంటావో అని భయంగా ఉంది. ఏమనుకున్నా, దాని సంగతులు రాయడం మాత్రం మానకు.

రమ్యశ్రీ

*

గుమ్మడిదల,
8 సెప్టెంబరు 2024

రమ్యా,

నేనేం అనుకుంటాను? మీ హాస్టల్లో నాకో కూతురు ఉందన్నమాట. ఆ ముక్క రెండుసార్లు చదివి కాగితం మడతపెట్టి బియ్యం డబ్బా వెనక దాచుకున్నాను. పెళ్లై ఆరేళ్లయింది, సంగారెడ్డిలో తిరగని డాక్టరు లేడు. ఊరికే అయినా అలా ఒకళ్లు అనుకుంటున్నారంటే నాకు బాగానే ఉంది. నిజం చెప్పాను, తప్పుగా అనుకోకు.

దానికి ఇప్పుడు కొత్త పిచ్చి పట్టింది. ఎవరికి ఎవరు ఏమవుతారో తెలియాలి. మావయ్య గారి ఒళ్లో కూర్చుని, "నువ్వు ఎవరికి నాన్న?" అని మొదలుపెడుతుంది. మీ మామకి, మీ అమ్మకి అని ఆయన చెప్పాలి. తరవాత నన్ను, "నువ్వు ఎవరికి అమ్మ?" అంటుంది. ఎవరికీ కాదంటే ఒప్పుకోదు. "ఎవరికి?" అని మళ్లీ అడుగుతుంది. కోళ్లకి అని చెప్పి తప్పించుకున్నాను. అప్పటినుంచి కోళ్లకి గింజలు వేసేటప్పుడు "మీ అమ్మ వచ్చింది" అని వాటికి చెబుతోంది.

ఒక్క మాట. బయట నువ్వేం చెప్పుకున్నా సరే, దాని ముందు మాత్రం అనకు. విన్నది వదలదు. ఒకసారి ఎవరైనా చెప్పారంటే దానికి అదే ఖాయం.

ఇంద్రజ

*

సుల్తాన్‌పూర్,
21 అక్టోబరు 2024

వదినా,

నిన్న పటాన్‌చెరు నుంచి వచ్చాక అన్నం తినకుండా పడుకుని తలనొప్పి అన్నాను. తలనొప్పి కాదు.

దానికి చెప్పులు కొందామని దుకాణంలోకి వెళ్తే దుర్గాదేవి అక్క ఎదురైంది. మా లైన్ లీడర్, నా ట్రైనింగ్ రిపోర్టు రాసేది ఆమే. "రమ్యా, ఎవరి పిల్ల? మస్తు ముద్దుగున్నది" అంది. ఆలోచించి అబద్ధమాడి ఉంటే కొంచెం నయంగా ఉండేదేమో. నేను ఆలోచించనే లేదు. రెండు నెలలు హాస్టల్లో చెప్పీ చెప్పీ ఆ మాట నాలుక మీదే ఉంది. "మా అన్న బిడ్డ అక్కా" అన్నాను.

అది కొత్త చెప్పు తొడుక్కుంటూ తలెత్తి చూసింది. అప్పుడే దగ్గరికి తీసుకుని ఉండాల్సింది. డబ్బులిచ్చి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. దుర్గాదేవి అక్క కూడా మన బస్సే ఎక్కింది, బొంతపల్లిలో చెల్లెలింటికి పోతోందట. మా వెనక సీట్లోనే కూర్చుంది.

బస్సు ఊరు దాటాక అది నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, "నువ్వు అత్తవా?" అంది. దాని గొంతు నీకు తెలుసు కదా, నాలుగు సీట్ల అవతలకి వినబడుతుంది. దుర్గాదేవి అక్క నవ్వుతూ ముందుకు వంగింది. నేను అవునన్నాను.

"మరి అమ్మ?"

"ఇంట్ల ఉన్నది" అన్నాను.

అది తల ఊపింది. అర్థమైందన్నట్టు ఊపింది వదినా. తరవాత దిగేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, ఇంకేమీ అడగలేదు. నిద్రొస్తే నా ఒళ్లో పడుకునే పిల్ల, నిన్న సీటుకే ఆనుకుని పడుకుంది.

ఆ ప్రవీణ్‌కుమార్ ముందు అన్నప్పుడు అది అక్కడ లేదు. అప్పుడు నేను భయపడ్డాను, అంతే అనుకున్నాను. నిన్న దాని కళ్లలోకి చూస్తూ చెప్పాను. కన్నతల్లి ఎవరైనా ఈ పని చేస్తుందా? అది మరిచిపోయిందా? ఏమైనా అంటోందా? దాచకుండా రాయి.

రమ్యశ్రీ

*

గుమ్మడిదల,
27 అక్టోబరు 2024

రమ్యా,

పిల్ల బాగానే ఉంది. కొత్త చెప్పులు విప్పడం లేదు, వాటితోనే పడుకుంటానంటోంది. అన్నం తింటోంది. నువ్వు ఎక్కువగా ఆలోచించి ఆరోగ్యం పాడుచేసుకోకు. చిన్నపిల్లలు ఏదో అంటారు, మరిచిపోతారు. అత్తయ్య గారికి మోకాళ్ల నొప్పులు తగ్గాయి.

పని చాలా ఉంది, ఇంతే రాయగలుగుతున్నాను.

ఇంద్రజ

*

సుల్తాన్‌పూర్,
4 నవంబరు 2024

వదినా,

బాగానే ఉందని రాశావు. నిన్న నేను వాకిట్లోకి రాగానే అది ఎదురొచ్చి, "అత్త వచ్చింది" అని లోపలికి కేకేసింది. నా చెప్పులు పట్టుకెళ్లి జామచెట్టు కింద పెట్టింది. తరవాత వంటింట్లోకి పరిగెత్తి నిన్ను అమ్మా అని పిలిచింది. నువ్వు పలికావు. నేను గడపలో నిలబడి ఉన్నానని చూడలేదు. చూశాక నీ మొహం మారింది.

అమ్మ నవ్వుతూ, "పదిహేను దినాల సంది గిదే ఆట" అంది. పదిహేను రోజులు. నేను ఏమైనా అంటోందా అని అడిగితే నువ్వు మోకాళ్ల నొప్పుల గురించి రాశావు.

నా తప్పు నాకు తెలుసు. నేనే అన్నాను, నా నోటితోనే. కాని ఒక్కమాట అడుగుతాను, నిజం చెప్పు. దానికి నువ్వు నేర్పావా?

రమ్యశ్రీ

*

గుమ్మడిదల,
10 నవంబరు 2024

రమ్యా,

నేర్పలేదు. కాని ఆ మాట చెప్పి చేతులు దులుపుకోలేను. నీకు ఎలా రాయాలో తెలియక నాలుగు కాగితాలు చించాను.

నువ్వు తలనొప్పి అని పడుకున్న సాయంత్రం అది వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను చాలాసేపు చూసి, "అమ్మా" అంది. నిన్ను పిలుస్తోందనుకుని, అమ్మ పడుకుందన్నాను. "కాదు. అత్త పడుకుంది. నువ్వు అమ్మవి" అంది. నెల రోజులుగా అడుగుతోంది కదా, నువ్వు ఎవరికి అమ్మవని. ఇప్పుడు దానికి జవాబు దొరికింది. ఎంత సంతోషంగా చెప్పిందో. నేను అప్పుడే కాదనాలి. "ఊఁ" అన్నాను.

మర్నాడు కుళాయి దగ్గర నలుగురి ముందూ పిలిచింది. పలికాను. వాళ్లకి వినబడాలని కాస్త గట్టిగానే పలికాను. పిల్లల్లేరని ఆ కుళాయి దగ్గర నన్ను ఆరేళ్లుగా ఎన్ని మాటలన్నారో నీకు తెలుసు. నీ ఉత్తరం చేతికి వచ్చింది ఆ తరవాత. అసలు ఏం జరిగిందో అప్పుడే తెలిసింది. నువ్వు ఏడుస్తూ రాశావని కాగితం చూస్తేనే తెలుస్తోంది. అది చదివి నేను నీ కోసం బాధపడాలి. నాకు సంతోషం వేసింది రమ్యా. నేను లాక్కోలేదు, రమ్యే ఇచ్చింది కదా అనుకున్నాను. ఇంతకంటే నీచంగా నేనెప్పుడూ ఆలోచించలేదు.

నీ చెప్పులు జామచెట్టు కింద పెట్టినప్పుడు కూడా చూశాను. మళ్లీ తెచ్చి లోపల పెట్టలేదు.

ఇప్పుడు నువ్వు కోప్పడితే పడతాను, ఇంట్లో అందరికీ చెప్పినా పడతాను. కాని దాన్ని వెనక్కి తిప్పడం నా వల్ల కాదు. నేను అత్తనని నాలుగుసార్లు చెప్పి చూశాను, "అమ్మే చెప్పింది కదా" అంటోంది. ఇక్కడ అమ్మ అంటే నువ్వు. చెప్పింది ఎవరో దానికి బాగా గుర్తుంది. చెప్పినవాళ్లే వచ్చి కాదనాలి.

ఇంద్రజ

*

సుల్తాన్‌పూర్,
15 డిసెంబరు 2024

వదినా,

నెలరోజులు నీకు రాయలేదు, ఇంటికీ రాలేదు. ఓవర్‌టైం అని ఫోన్‌లో చెప్పాను. అదీ అబద్ధమే. నీ మీద కోపం వారం రోజులు ఉంది. తరవాత, నేను ఇచ్చింది నువ్వు తీసుకున్నావని నిన్నెలా తిట్టడం అనిపించింది. ఇంటికి వస్తే అది మళ్లీ అత్తా అంటుంది. దానికి భయపడి రాలేదు. రెండున్నరేళ్ల పిల్లకి భయపడి దాక్కున్నాను.

మొన్న శుక్రవారం భోజనాల దగ్గర దుర్గాదేవి అక్కతో చెప్పేశాను. ఉద్యోగం పోతే పోనీ అనుకునే చెప్పాను.

"గా చెప్పుల దుకాణంల పిల్లనా?" అంది.

"అవునక్కా. నా బిడ్డనే."

"బస్సుల నువ్వు అత్తవా అని అడిగిన పిల్లనా?"

ఆ పిల్లే అన్నాను. ఆమె అన్నం కలుపుతూనే, "నాకిద్దరు పిల్లలు. మన లైన్ల సగం మందికున్నరు. వద్దని నీకెవరు చెప్పిన్రు?" అంది. చెప్పాను. "వాడు చెప్తే ఇన్నవా? నన్నొక మాట అడుగుతే ఏమైతుండె?"

ఆరు నెలలు రోజూ ఆమె పక్కనే కూర్చుని తిన్నాను వదినా. నీకు పిల్లలున్నారా అక్కా అని ఒక్కసారి అడగలేదు. అడిగితే తిరిగి నన్ను అడుగుతుందని. ఆ ఒక్క మాట అడిగి ఉంటే నాకు అప్పుడే తెలిసేది.

ఆమే నన్ను ఆఫీసుకి తీసుకెళ్లింది. అక్కడి మేడమ్ నా ఫైలు తిరగేసి, కంపెనీ కాగితాల్లో పెళ్లి, పిల్లల సంగతే లేదంది. ఆ రోజు రాయించుకున్నది కాంట్రాక్టరు సొంత కాగితం. దాన్ని ఎవరూ చూడలేదు, ఎవరికీ అక్కర్లేదు. కంపెనీ అడగని అబద్ధం కోసం నేను దాన్ని పోగొట్టుకున్నాను. హాస్టల్ మాత్రం కాంట్రాక్టరుది, పెళ్లికాని వాళ్లకేనట. సంక్రాంతి దాటాక ఖాళీ చెయ్యమన్నాడు. తప్పు చెప్పినందుకు క్షమాపణ రాయించుకున్నారు. పని మాత్రం పోలేదు.

గదిలో అమ్మాయిలకి కూడా చెప్పాను. ఒకమ్మాయి, "మరి గా ముచ్చట్లన్నీ?" అంది. ముచ్చట్లన్నీ నిజమే, పిల్లే నాది అన్నాను. ఆమె ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. న్యాయమే.

వచ్చే ఆదివారం వస్తాను. అమ్మ, నాయిన, అన్న, అందరి ముందూ దానికే చెబుతాను. నువ్వు పక్కన ఉండు.

రమ్యశ్రీ

*

గుమ్మడిదల,
5 జనవరి 2025

రమ్యా,

ఆ రోజు నువ్వు దాని ముందు నేల మీద కూర్చుని, "నేను నీ అమ్మని బిడ్డా, అత్త అని అబద్ధం చెప్పిన" అన్నప్పుడు అది "కాదు" అని వచ్చి నా కొంగు పట్టుకుంది. అత్తయ్య గారు కళ్లు తుడుచుకున్నారు. మావయ్య గారు లేచి బయటికి వెళ్లారు. నువ్వు బస్సుకి వెళ్లేటప్పుడు నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను తల దించుకునేదాన్ని.

తరవాత జరిగింది నీకు తెలియాలి. మూడు రోజులు అది ఆ విషయం ఎత్తలేదు. నాలుగో రోజు పొద్దున నేను ఇడ్లీ పిండి కలుపుతుంటే "అమ్మా" అంది. నేను పలకలేదు. మళ్లీ పిలిచింది. పలకలేదు. వచ్చి కొంగు లాగి, "వినబడదా?" అంది.

పొయ్యి కట్టేసి దాని ఎదురుగా కూర్చున్నాను. "నేను అత్తని నాన్నా. నువ్వు అమ్మా అంటుంటే నాకు బాగుంది, అందుకని ఊరుకున్నాను" అన్నాను. "నువ్వు కూడా అబద్ధమా?" అంది. అవునన్నాను. ఇద్దరు పెద్దవాళ్లు ఒకేసారి చెడిపోతే అది మాత్రం ఏం చేస్తుంది? గోడ దగ్గరికి వెళ్లి నిలబడింది. నేను బతిమాలలేదు, బతిమాలే మొహం నాకు లేదు. వంట సంగతి వదిలేసి దాని వెనకే కూర్చున్నాను. చాలాసేపటికి తనే ఇటు తిరిగి, "అమ్మ ఎప్పుడు వస్తుంది?" అంది.

ఎవరని అడిగాను రమ్యా. తప్పు విన్నానేమోనని. "సుల్తాన్‌పూర్ అమ్మ" అంది.

గది దొరికిందని, అత్తయ్య గారు నీతో వచ్చి ఉంటారని మీ అన్నయ్య చెప్పారు. మంచిది. దానికి పప్పులో నెయ్యి కళ్లెదుటే వెయ్యాలి, ముందే కలిపితే వెయ్యలేదంటుంది. తల దువ్వేటప్పుడు చిక్కు తగిలితే చిక్కుని తిట్టాలి, దాన్ని కాదు. నిద్రపోయే ముందు ఇంట్లో అందరూ ఎక్కడున్నారో ఒక్కొక్కరి పేరూ అడుగుతుంది. నా పేరు వచ్చినప్పుడు నేను గుమ్మడిదలలో ఉన్నానని చెప్పు. దానికి అబద్ధం చెప్పకూడదు కదా.

దాని బట్టలు ఇవాళ ఉతికాను. రెండు గౌన్లు ఉంచుకుందామనుకుని మళ్లీ సంచిలో పెట్టేశాను.

ఇంద్రజ

*

సుల్తాన్‌పూర్,
16 ఫిబ్రవరి 2025

వదినా,

ఇప్పుడు ఫోన్‌లో ఎంత గట్టిగా మాట్లాడినా అడిగేవాళ్లు లేరు. అయినా నీకు కాగితమే రాయాలనిపించింది.

ఇక్కడికి వచ్చిన మొదటి వారం అది నన్ను ఏమీ పిలవలేదు. అమ్మా లేదు, అత్తా లేదు. నీళ్లు కావాలంటే గ్లాసు తెచ్చి నా ముందు పెట్టేది. జ్వరం వచ్చిన రోజు నిన్ను అడిగింది. అత్త కావాలంది. నాకు అసూయ కలగలేదని చెబితే నమ్మకు, కలిగింది. నీకు ఫోన్ చేసి మాట్లాడించాక పడుకుంది. నువ్వు ఏడుపు దాచుకుని దానికి కోళ్ల సంగతులు చెబుతుంటే, ఈ మనిషిని పట్టుకుని నువ్వు నేర్పావా అని అడిగాను కదా అని సిగ్గుపడ్డాను. ఆ మాటకు నన్ను క్షమించు.

రెండో వారం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. "నువ్వు ఎవరికి అమ్మ?" అంది. "నీకు" అన్నాను. "ఇంక మారవు కదా?" అంది. మారనని తల అడ్డంగా ఊపాను. "నోటితో చెప్పు" అంది. చెప్పాను.

అప్పటినుంచి పిలుస్తోంది. కాని దానితో పాటు నా శిక్ష కూడా మొదలైంది. మా ఇంటి ఓనరు నాగరత్నం గారు కాకినాడ వైపు వాళ్లు. మాట నీ మాటలాగే ఉంటుందని దానికి ఆమె దగ్గర చనువు. నిన్న కిరాయి ఇవ్వడానికి పైకి వెళ్తే అక్కడ ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఆమె దీన్ని దగ్గరికి పిలిచి, "ఈవిడ మీకేమవుతారండీ?" అని ఆటపట్టించింది.

"మా అమ్మ" అంది. అక్కడితో ఆపలేదు. "ముందు అత్త అని చెప్పింది. అబద్ధం. బస్సులో చెప్పింది."

ముగ్గురూ నా వైపు చూశారు. నవ్వేసి, పిల్లలు ఏదో అంటారు లెండి అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కిందికి చూస్తే అది నా మొహంలోకే చూస్తోంది. నేనేం చెబుతానా అని.

"నిజమేనండీ, ఉద్యోగం పోతదని నా బిడ్డని నా బిడ్డ కాదన్న" అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. కిరాయి ఆమె చేతిలో పెట్టి మెట్లు దిగాను. కూరగాయలమ్మే ఆమెకి, కిరాణా దుకాణంలో, రేపు అంగన్‌వాడీలో, అది అందరికీ చెబుతుంది. చెప్పాల్సిన ప్రతిచోటా నేను నిలబడి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటాను. ఎందుకంటే వదినా, అది ఆ మాటలన్నీ చెబుతున్నంతసేపూ నా చూపుడువేలు గట్టిగా పట్టుకునే ఉంది, కిందికి దిగి వచ్చాక కూడా విడవలేదు.

నీ
రమ్యశ్రీ